ఆగి ఉన్న నేల మీద

నేను పడిపోయానని అందరూ అనుకున్నారు. పడిపోయింది నా ఎడమ కాలూ, ఎడమ చెయ్యీ. నేను కాదు. ఈ తేడా చాలామందికి అర్థం కాలేదు, కూర్చోబెట్టి అర్థమయ్యేలా చెప్పే ఓపిక నాకూ లేదు.

నేను బస్సు కండక్టర్ని. ఇరవై ఏళ్ళ పైమాటే. ఒక చేతిలో టికెట్ల మిషను, ఇంకో చేతిలో చిల్లర, భుజాన సంచి. ఇక రాడ్డు పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కణ్ణుంచి తేవాలి? అందుకే కాళ్ళు ఎడం చేసి, మోకాళ్ళు కాస్త వంచి, నడుము సీటు అంచుకి ఆనించి నిలబడతాం. డ్రైవరు బ్రేకు కొడితే జనమంతా ఒకరి మీద ఒకరు పడి తిట్టుకుంటారు. మేం మాత్రం "ముందుకు జరగండి, ఇంకా బోలెడు చోటుంది" అంటూనే ఉంటాం. ఆ నిలబడ్డంలో నన్ను మించినవాళ్ళు మా డిపోలో లేరు. గొప్పకి చెప్పడం లేదు, కావాలంటే ఎవర్నైనా అడగండి.

ఒకరోజు పొద్దున్నే డ్యూటీకి బయల్దేరుతూ చెప్పులేసుకోబోతే ఎడమ పాదం చెప్పులోకి దూరలేదు. ఏమిటి దీని వేషాలు అనుకుంటూ వంగాను. వంగినదాన్ని వంగినట్టే గుమ్మంలో కూలబడ్డాను. స్ట్రోక్ అన్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక చెయ్యి నెమ్మదిగా దారికొచ్చింది గానీ కాలు మొండికేసింది. నోటికి మాత్రం ఏమీ కాలేదు. అందుకు మా ఆయన సంతోషించాడో, లోపల్లోపల ఏడ్చాడో ఇప్పటికీ బయటపడడు.

ఆయన వాచీలు బాగుచేస్తాడు. వీధి వైపు గదే దుకాణం. కంటికి భూతద్దం బిగించుకుని, చీమ తలకాయంత మరల్ని పట్టకారుతో ఎత్తి పెడుతుంటాడు. మాట్లాడ్డం తక్కువ. ఇంట్లో ఇద్దరూ మాట్లాడితే వినేదెవరని కాబోలు. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి ఒకటే పని, నన్ను పట్టుకోవడం. మంచం నుంచి స్నానాల గదికి, స్నానాల గది నుంచి కుర్చీకి, చంక కింద చెయ్యేసి పైకి లాగుతూ, "మెల్లగా, మెల్లగా" అంటూ. ప్రేమే, కాదన్లేదు. కానీ సామాను మోసినట్టు మోస్తే ప్రేమ కూడా చిరాకే.

ఇంతలో డిపో నుంచి కబురొచ్చింది. సెలవు అయిపోయేలోగా డిపో డాక్టరు ముందు నడిచి చూపించాలి. బాగా నడిస్తే మళ్ళీ బస్సు. లేదంటే తేలిక పని. తేలిక పనంటే మా డిపోలో ఒకటే, మెట్ల కింద గది. జనం బస్సుల్లో మర్చిపోయినవన్నీ తెచ్చి అక్కడ పడేస్తారు. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు. ఒకసారి పళ్ళసెట్టు కూడా వచ్చింది, నోట్లో ఉండాల్సింది ఎలా మర్చిపోతార్రా బాబూ! రిటైరయ్యేదాకా వాటి మధ్య కూర్చోమంటారు. ఎవరో వదిలేసిన సామాను పక్కన నన్నూ ఒక అరలో పెట్టేస్తారన్నమాట. చచ్చినా కూర్చోను అన్నాను.

"ఏం, కూర్చుంటే తప్పేంటి? నీడపట్టున పని," అన్నాడు మా ఆయన.

"మీకు నీడపట్టు అలవాటు. నాకు ఎలర్జీ," అన్నాను.

నడక నేర్పే క్లినిక్కు మెయిన్ రోడ్డు మీదుంది. ఎదురుగా బస్‌స్టాపు. ఫిజియో ఒక బక్కపలచని పిల్ల. మనిషి పుల్లలా ఉంటుంది గానీ పట్టు ఉడుంపట్టు. మొదటిరోజే నా నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి, వెనక నుంచి దాన్ని పట్టుకుని, మా ఆయన్ని చూసి, "మీరు చెయ్యి వదలండి బాబాయ్ గారూ," అంది.

"వదిలితే పడిపోతుందమ్మా."

"మీరు పట్టుకుంటేనే పడతారు. చూడండి, బరువంతా మీ మీదే వేశారు. ఎడమ కాలు నేలకి ఆనుతోందే గానీ పని చెయ్యట్లేదు. మీరున్నంతసేపూ దానికి సెలవే."

ఆయన చెయ్యి తీశాడు. తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు, నేను ఎంత వాలిపోయి ఉన్నానో. అద్దంలో చూసుకుంటే పక్కకి ఒరిగిన గోడలా ఉన్నాను. సిగ్గేసింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"ఎడమ కాలి మీద బరువు వెయ్యండమ్మా. దాన్ని నమ్మండి," అంది ఆ పిల్ల.

"నన్ను గుమ్మంలో పడేసిన కాలిని నమ్మమంటావేంటే?"

"తప్పు కాలిది కాదు. మెదడు నుంచి దానికి కబురు అందడం లేదు. చెప్పిందే చెప్పాలి. వందసార్లు, వెయ్యిసార్లు, విసుగొచ్చేదాకా."

"అదొక్కటీ నాకు బాగా వచ్చు. ఇరవై ఏళ్ళుగా ముందుకు జరగండి అని చెప్తున్నాను, ఒక్కడూ జరగడు. అయినా మానలేదు."

ఆ పిల్ల పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి మాకిద్దరికీ కుదిరింది.

కుదిరిందంటే తిట్లు తగ్గాయని కాదు. రెండు కడ్డీల మధ్య నిలబెట్టి బరువు కుడికి, ఎడమకి మార్చమంటుంది. మడమ ముందు ఆన్చి, తర్వాత వేళ్ళు ఆన్చమంటుంది. కిందికి చూడొద్దంటుంది. మెత్తటి దిండు మీద నిలబెట్టి కళ్ళు మూసుకోమంటుంది. నేలమీద చెక్కముక్కలు పెట్టి దాటమంటుంది. దాటుతుంటే ఎడమ బొటనవేలు చెక్కకి తగిలి ప్రాణం జివ్వుమనేది. "నిన్ను కన్నది మనిషేనా, పిశాచమా?" అనేదాన్ని. "ఇంకోసారి," అనేది. ఎన్ని తిట్టినా దాని జవాబు ఆ ఒక్క మాటే.

ఇంకో తంటా వచ్చిపడింది. నా కాళ్ళు దగ్గరికి రావు. ఎడంగా, మోకాళ్ళు వంగి, బాతులా నడుస్తున్నాను. "నిటారుగా నిలబడండమ్మా, ఎందుకలా కాచుకుని ఉంటారు? నేల కదలడం లేదు కదా," అనేది ఆ పిల్ల. కదలదని నాకూ తెలుసు. నా కాళ్ళకి తెలియదు. ఇన్నేళ్ళూ కదిలే నేల మీద బతికిన కాళ్ళవి. నేల ఆగి ఉందంటే, ఇంకో క్షణంలో కుదుపు రాబోతోందని వాటి లెక్క.

దాంతోపాటే ఉన్నట్టుండి తూలడం. బాగానే నడుస్తుంటాను, హఠాత్తుగా మోకాళ్ళు వంగి, ఒళ్ళంతా కుడివైపుకి విసిరినట్టు పోతుంది. బెల్టు లేకపోతే ముక్కు పచ్చడి అయ్యేది. ఎందుకో ఆ పిల్లకి అంతుబట్టలేదు. బీపీ చూసింది, కళ్ళు చూసింది, చెవులు చూపించుకోమంది. మా ఆయన ముఖం నల్లబడిపోయింది. "ఇక చాలు, ఇంటికెళ్దాం," అనడం మొదలుపెట్టాడు.

ఒకరోజు క్లినిక్కు ముందుగదిలో రంగులేస్తున్నారని నన్ను వెనక గదికి తీసుకెళ్ళారు. ఆ రోజంతా ఒక్కసారి తూలితే ఒట్టు. మర్నాడు ముందుగదికి రాగానే మళ్ళీ మొదలు. గోడకి ఆనుకుని రొప్పుతూ నిలబడ్డాను. కిటికీ బయట స్టాపులో బస్సు వచ్చి ఆగింది, కీచుమని బ్రేకు. నా మోకాళ్ళు వంగాయి. కుడిచెయ్యి దానంతటది భుజం దగ్గరికి లేచి, లేని సంచిని అదిమి పట్టుకుంది.

నేను ఆ చేతిని చూశాను. ఆ పిల్ల కూడా చూసింది.

"అమ్మా... ఇంకో బస్సు వచ్చేదాకా కదలకండి," అంది.

ఇంకో బస్సు వచ్చింది. మళ్ళీ అదే. ఇద్దరం నేలమీద కూలబడి నవ్వాం, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా. నాకు చెవి జబ్బూ లేదు, కంటి జబ్బూ లేదు. డ్యూటీలో ఉన్నాను, అంతే. క్లినిక్కులో నడుస్తూ నా ఒళ్ళు బయటి బస్సులో బ్రేకు కాచుకుంటోంది.

"ఇకనుంచి వెనక గదిలోనే చేయిద్దాం," అన్నాడు మా ఆయన.

"వీల్లేదు. కిటికీ ఇంకా బార్లా తియ్యండి," అన్నాను.

ఆ పిల్లదీ అదే మాట. బ్రేకు వినబడ్డప్పుడు ఆగి, నేల ఎలా ఉందో పాదాలతో చూసుకుని, అప్పుడు అడుగెయ్యమంది. రోజూ అదే పని. వచ్చిన ప్రతి బస్సునీ, ప్రతి డ్రైవర్నీ మనసులో తిట్టుకుంటూ నడిచాను. కొన్నాళ్ళకి బ్రేకు వినబడినా మోకాలు చిన్నగా ఉలిక్కిపడి ఊరుకునేది. కాళ్ళు దగ్గరికొచ్చాయి. ఆ పిల్ల బెల్టు తీసేసింది.

ఆ తర్వాత నేలమీద చాప పరిచి, "ఇప్పుడు పడండి," అంది.

"ఏంటీ?"

"పడండమ్మా. పడ్డాక లేవడం నేర్పిస్తాను. ఎప్పుడో ఒకసారి పడతారు, అబద్ధం చెప్పను. ఆ రోజు పక్కన ఎవరూ ఉండకపోవచ్చు."

పక్కకి దొర్లి, మోచేతి మీద లేచి, మోకాళ్ళ మీదికొచ్చి, గట్టిదాన్ని దేన్నైనా పట్టుకుని, బాగున్న కాలు ముందు మోపి లేవాలి. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి చెమటలు పట్టాయి. నేను చాప మీద దొర్లుతుంటే మా ఆయన చూడలేకపోయాడు. లేచి బయటికెళ్ళి స్టాపులో నిలబడ్డాడు. అప్పట్నుంచి క్లినిక్కు లోపలికి రావడమే మానేశాడు. రిపేరు పనులు ఎక్కువయ్యాయన్నాడు. నేనూ నమ్మాను.

పరీక్ష రోజు వచ్చింది. డిపో ఆఫీసు వరండాలో గీత గీసి దాని మీద నడవమన్నారు. నడిచాను. తిరగమన్నారు, తిరిగాను. కళ్ళు మూసుకుని నిలబడమన్నారు, నిలబడ్డాను. బయట యార్డులో బస్సులు కీచుమంటూనే ఉన్నాయి, నేను ఉలకలేదు. మా ఆయన తలుపు దగ్గర చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

డాక్టరు పెద్దమనిషే. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "చాలా మెరుగయ్యారమ్మా. కానీ వరండా వేరు, బస్సు వేరు. తేలిక పనికి రాస్తున్నాను. మీ ఇంట్లోవాళ్ళు కూడా అదే కోరుకుంటున్నారు," అన్నాడు.

"మా ఇంట్లోవాళ్ళా? ఎవరు?"

"మీవారే. పోయిన వారం వచ్చి చెప్పారు కదా. మీకు తెలుసనుకున్నాను."

నేను తలుపు వైపు తిరిగాను. మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. పక్కన పడుకునే మనిషి! పొద్దున్నే నాకు కాఫీ కలిపిచ్చిన మనిషి! వెన్నుపోటు అంటే వినడమే గానీ, పొడుస్తూ "మెల్లగా, మెల్లగా" అంటారని తెలియదు నాకు.

"ఆయన సంగతి తర్వాత చూసుకుంటాను," అన్నాను డాక్టరుతో. "వరండా వేరు, బస్సు వేరు అన్నారు. బాగుంది. బస్సులోనే చూడండి. వరండాలో నాకెప్పుడూ డ్యూటీ వెయ్యలేదు మీరు."

"అలా రూల్సు ఒప్పుకోవమ్మా."

"ఏ రూల్లో వద్దని ఉందో చూపించండి."

ఆయన చూపించలేదు. ఈలోగా యార్డులో విషయం పాకింది. మా రూటు డ్రైవరు, అందరం గుండు అని పిలిచేవాడు, ఖాళీ బస్సు తెచ్చి వరండా ముందే ఆపాడు. "అక్కా, ఎక్కు. డాక్టరు గారూ, మీరూ ఎక్కండి, ఊరికే ఒక చుట్టు," అన్నాడు. డాక్టరు తల పట్టుకుని ఎక్కాడు. మా ఆయన కూడా ఎక్కి ముందు సీట్లో ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

బస్సు కదిలింది. అబ్బ! ఆ కుదుపు పాదాల్లోంచి పైకి పాకుతుంటే నాకు ఏడుపొచ్చింది, నిజంగా. ఇన్నాళ్ళూ వద్దు వద్దని మాన్పించిన నిలబడ్డమంతా ఇక్కడ కావాలి. కాళ్ళు ఎడం చేశాను, మోకాళ్ళు వంచాను. అయితే ఇప్పుడు అది అలవాటు కొద్దీ కాదు, తెలిసి చేశాను. బరువు కుడికి, ఎడమకి మార్చుకుంటూ సీటు సీటుకీ నడిచాను. గుండుగాడు మలుపులో మొహమాటపడకుండా తిప్పాడు. బ్రేకు కొట్టాడు. నిలబడ్డాను. డాక్టరు సీటు కడ్డీ గట్టిగా పట్టుకుని నన్నే చూస్తున్నాడు. చివరి సీటు దాకా వెళ్ళి, గర్వంగా వెనక్కి తిరిగాను.

ఆ గర్వమే కొంప ముంచింది. ఎడమ బొటనవేలు నేలమీది రేకు అంచుకి తగిలింది. బస్సు అప్పటికే చుట్టు తిరిగొచ్చి యార్డులో ఆగి ఉంది, ఎవరి మీదా నెట్టడానికి లేదు. సీట్ల మధ్య దబ్బున పడ్డాను.

ముందు నుంచి పరుగు వినబడింది. ఎవరిదో చూడక్కర్లేదు.

"ఆగండి!" అని అరిచాను. "అక్కడే ఉండండి. నన్ను ముట్టుకుంటే చూడండి ఏం చేస్తానో!"

పరుగు ఆగింది. మోచెయ్యి గీరుకుపోయి మండుతోంది. పక్కకి దొర్లాను. ఇరుకు, చాప మీదలా కాదు. మోచేతి మీద లేచాను. మోకాళ్ళ మీదికి రాబోతే ఎడమ మోకాలు జారింది. మళ్ళీ దొర్లాను. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు, చాలాసేపే పట్టింది. సీటు కాలు పట్టుకున్నాను, కుడి పాదం మోపాను, పళ్ళు బిగబట్టి లేచాను. లేచి చూస్తే మా ఆయన నాకు చేతికందేంత దూరంలో ఉన్నాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతిని గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

డాక్టరు నిట్టూర్చాడు. "చూశారా అమ్మా. పడ్డారు."

నేను నోరు తెరిచేలోపు మా ఆయన మాట్లాడాడు. మాట్లాడ్డం కాదు, అరిచాడు. "పడింది, లేచింది కూడా! నేను పట్టుకోలేదు. మీరూ పట్టుకోలేదు. పడింది మాత్రం రాసి, లేచింది రాయకపోతే ఎలాగండీ?"

డాక్టరు బిత్తరపోయాడు. "అదేమిటండీ, బస్సు వద్దని చెప్పింది మీరే కదా?"

"చెప్పాను. బుద్ధి లేక చెప్పాను. ఇప్పుడు కాదంటున్నాను."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన గొంతు అంత పైకి లేవగా నేను వినలేదు. గుండుగాడైతే స్టీరింగ్ మీద తల వాల్చి నవ్వు ఆపుకుంటున్నాడు.

డాక్టరు నావైపు తిరిగి, "బస్సు నిండా జనం ఉన్నప్పుడు పడితే మీరొక్కరే పడరమ్మా. పక్కనున్న ముసలివాళ్ళ మీదో, చంటిపిల్ల మీదో పడతారు. దానికేమంటారు?" అన్నాడు.

అది న్యాయమైన మాట. కాదనడానికి లేదు. "అయితే జనం లేని వేళ చిన్న రూటు ఇచ్చి చూడండి. నెల తర్వాత మళ్ళీ బస్సెక్కించి పరీక్ష పెట్టండి. ఆ పై నెలా పెట్టండి. మీకు విసుగొస్తుందేమో గానీ నాకు రాదు. ఆ మెట్ల కింద గదిలో మాత్రం కూర్చోను."

డాక్టరు కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకున్నాడు. "నెల రోజులు. మధ్యాహ్నం ట్రిప్పులే. ఆ తర్వాత నేనే ఎక్కి చూస్తాను," అని దిగి వెళ్ళిపోయాడు.

గుండుగాడు టీ తెస్తానని పోయాడు. బస్సులో నేనూ మా ఆయనా మిగిలాం. నేను సీట్లో కూర్చుని మోచెయ్యి తుడుచుకుంటున్నాను. ఆయన నిలబడే ఉన్నాడు.

"డాక్టరు ముందు నా తరఫున అరిస్తే చేసింది చెల్లిపోతుందనుకోకండి," అన్నాను. "నాతో చెప్పాలి కదా? తిట్టేదాన్ని, కొట్టేదాన్ని, అది వేరు. నా వెనక వెళ్ళి నా పని తీసెయ్యమంటారా? నేనేమన్నా ఆగిపోయిన వాచీనా, మీరు సొరుగులో పెట్టెయ్యడానికి?"

ఆయన ఎదురు సీటు అంచున కూర్చున్నాడు. తర్వాత మెల్లగా, "ఆ రోజు నువ్వు గుమ్మంలో పడ్డప్పుడు కళ్ళు తెరిచే ఉన్నావు. పిలిచాను. పలకలేదు. ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. నీకది గుర్తులేదు. నాకు రోజూ గుర్తొస్తుంది," అన్నాడు.

ఆ సంగతి ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ గుమ్మంలో నేను లేను. ఆయనొక్కడే ఉన్నాడు. ఏడిస్తే ఆయన మళ్ళీ నా చంక కింద చెయ్యేస్తాడని భయమేసి, సీటు పట్టుకుని నా అంతట నేనే లేచి నిలబడ్డాను.

"అంత భయంగా ఉంటే మధ్యాహ్నం దుకాణం మూసి నా బస్సెక్కండి," అన్నాను. "చివరి సీట్లో కూర్చుని, పిలిచి పిలిచి చూసుకోండి, ప్రతి స్టాపులోనూ పలుకుతాను. టికెట్టు మాత్రం కొనాలి. కండక్టరు మొగుడికి ఫ్రీ లేదు."